తెర మీద ఆగిన చివరి వరుస ఏమిటి?

ఈసారి ఈ శీర్షికకు వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే ఇబ్బంది గురించి: లినక్స్ సర్వర్ బూట్ కావడం లేదు. చాలామంది "ఏ కమాండ్ కొట్టాలి?" అని మాత్రమే అడిగారు. తెర మీద ఏం రాసి ఉందో కొందరే చెప్పారు. ఏ కమాండ్ కొట్టాలన్నది ఆ రాతను బట్టే ఉంటుంది కాబట్టి, అది రాసి పంపినవారి ప్రశ్నలకే ఇక్కడ జవాబిస్తున్నాను. మిగతావారు రీస్టార్ట్ బటన్ మళ్లీ నొక్కే ముందు ఫోన్‌తో ఆ తెర ఫోటో తీసి పెట్టుకోండి.

ప్రశ్న: మా ఆఫీసు ఫైళ్లుండే సర్వర్‌కి రెండో డిస్క్ తగిలించి, ఏ డిస్క్‌ను ఏ ఫోల్డర్‌కి తగిలించాలో రాసి ఉండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్‌లో ఎస్‌డీబీ1 అని ఒక వరుస చేర్చాను. ఆ రోజు బాగానే పనిచేసింది. కొన్ని వారాల తర్వాత కరెంటు పనుల కోసం ఆపి మళ్లీ ఆన్ చేస్తే, 'ఎ స్టార్ట్ జాబ్ ఈజ్ రన్నింగ్' అంటూ ఒకటిన్నర నిమిషం లెక్కపెట్టి, చివరికి 'యూ ఆర్ ఇన్ ఎమర్జెన్సీ మోడ్' అని రూట్ (అడ్మిన్) పాస్‌వర్డ్ అడుగుతోంది. డిస్క్ పోయిందా? ఓఎస్ మళ్లీ వేయాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఓఎస్ జోలికి వెళ్లకండి. మీ సర్వర్ దాదాపు చివరిదాకా వచ్చి ఆగింది.

బూట్ ఎలా జరుగుతుందో ఒకసారి చూద్దాం, తర్వాతి జవాబులకూ ఇదే ఆధారం. ముందు మదర్‌బోర్డులో ఉండే ఫర్మ్‌వేర్, అంటే యూఈఎఫ్‌ఐ లేదా పాత బయోస్, బూట్ డిస్క్‌ను వెతికి పట్టుకుని గ్రబ్ అనే చిన్న ప్రోగ్రామ్‌ను నడుపుతుంది. గ్రబ్ లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నల్‌నీ, దానితోపాటు ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ అనే చిన్న తాత్కాలిక ఫైల్ సిస్టమ్‌నీ మెమరీలోకి ఎక్కిస్తుంది. డిస్క్ డ్రైవర్లు, డిస్కులను కలిపి వాడే ఎల్‌వీఎం, రెయిడ్ పనిముట్లు అందులో ఉంటాయి. వాటి సాయంతో సిస్టమ్ ఫైళ్లుండే అసలు రూట్ పార్టిషన్ దొరుకుతుంది. ఆ తర్వాత సిస్టమ్‌డీ మొదటి ప్రాసెస్‌గా మొదలై, ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లోని మిగతా పార్టిషన్లను మౌంట్ చేసి (వాటి ఫోల్డర్లకు తగిలించి), నెట్‌వర్క్‌నూ సర్వీసులనూ లేపుతుంది.

మీరు చూస్తున్న సందేశం ఇస్తున్నది సిస్టమ్‌డీ. అది మాట్లాడుతోందంటే ఫర్మ్‌వేర్, గ్రబ్, కెర్నల్ తమ పని ముగించినట్టే. ఒకటి మాత్రం గమనించండి. ప్రాంప్ట్ దగ్గర, అంటే కమాండ్ కొట్టే చోట, 'డ్రాకట్' (ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌ని తయారుచేసే పనిముట్టు) అన్న పేరు కనిపిస్తే కథ ఇంకా ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ దగ్గరే ఉంది, రూట్ పార్టిషన్ దొరకలేదు. మీ విషయంలో అలా లేదు.

ఆ ఒకటిన్నర నిమిషమే పెద్ద ఆనవాలు. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో రాసిన డిస్క్ కనబడకపోతే సిస్టమ్‌డీ మామూలుగా 90 సెకన్లు ఎదురుచూస్తుంది. ఆ తర్వాత 'లోకల్ ఫైల్ సిస్టమ్స్' దశ విఫలమైందని ఎమర్జెన్సీ మోడ్‌లోకి వెళ్తుంది. మీరు ఎస్‌డీబీ1 అని రాశారు. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనేవి కెర్నల్‌కి డిస్కులు తగిలిన వరుసలో వచ్చే పేర్లు. వాటిలో శాశ్వతమైనదేదీ లేదు. కేబుల్ వేరే పోర్టుకి మారినా, యూఎస్‌బీ డిస్క్ ఒకటి గుచ్చి ఉన్నా, కొన్నిసార్లు ఏమీ మారకపోయినా, ఎస్‌డీబీగా ఉన్నది ఎస్‌డీసీ కావచ్చు.

రూట్ పాస్‌వర్డ్ ఇచ్చి లోపలికి వెళ్లండి. 'సిస్టమ్‌సీటీఎల్' కమాండ్‌ని 'ఫెయిల్డ్' ఆప్షన్‌తో కొడితే ఏ మౌంట్ విఫలమైందో పేరుతో సహా వస్తుంది. ఇంకా వివరం కావాలంటే 'జర్నల్‌సీటీఎల్ మైనస్ ఎక్స్‌బీ'లో ఎర్ర అక్షరాల వరుసలు చూడండి. తర్వాత 'బీఎల్‌కేఐడీ' కొడితే ఇప్పుడున్న పార్టిషన్లు, వాటి యూయూఐడీలు, అంటే ఒక్కోదానికీ విడిగా ఉండే గుర్తింపు సంఖ్యలు, కనిపిస్తాయి. కొత్త డిస్క్ ఆ జాబితాలో ఉంటే పోయిందన్న భయం అక్కర్లేదు. జాబితాలో లేకపోతే మెషీన్ ఆపి కేబుల్, పవర్ చూడండి.

ఎఫ్‌ఎస్‌ట్యాబ్ సేవ్ కావడం లేదంటే రూట్ పార్టిషన్ రీడ్ ఓన్లీగా ఉన్నట్టు. 'మౌంట్' కమాండ్‌కి 'రీమౌంట్, ఆర్‌డబ్ల్యూ' ఆప్షన్లిచ్చి రాయడానికి వీలు చేసుకోండి. అందరూ మీ కోసం ఎదురుచూస్తుంటే, ఆ వరుస ముందు హ్యాష్ గుర్తు పెట్టి రీబూట్ చేయండి. సర్వర్ లేస్తుంది. అప్పుడు తీరిగ్గా ఎస్‌డీబీ1 స్థానంలో యూయూఐడీ రాయండి. ఆ అంకెను చేత్తో టైప్ చేయకండి, కాపీ చేసి అతికించండి. ఒక్క అక్షరం తేడా వచ్చినా మళ్లీ ఇదే తెర. డిస్క్‌ను ఫార్మాట్ చేస్తే యూయూఐడీ మారిపోతుందని కూడా గుర్తుంచుకోండి.

ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో చేయి పెట్టిన ప్రతిసారీ 'ఫైండ్‌ఎంఎన్‌టీ' కమాండ్‌ని 'వెరిఫై' ఆప్షన్‌తో, ఆ తర్వాత 'మౌంట్ మైనస్ ఏ' కొట్టి చూడండి. తప్పుంటే అక్కడే తెలిసిపోతుంది, మెషీన్ నడుస్తూ ఉండగానే. నా దృష్టిలో ఇంకో పద్ధతి కూడా తప్పనిసరి: మార్పు చేసిన రోజే, అందరూ వెళ్లాక, ఒకసారి రీబూట్ చేసి చూడటం. వారాల తర్వాత కరెంటు పోయినప్పుడు తెలిసే తప్పుకి కారణం ఎవరికీ గుర్తుండదు.

'నోఫెయిల్' అనే ఆప్షన్ చేర్చమని చాలామంది సలహా ఇస్తారు. దానివల్ల ఆ డిస్క్ లేకపోయినా సర్వర్ బూట్ అవుతుంది. ఫైళ్లు దాచే డిస్క్‌కి అది మంచిదే. కానీ ఆ డిస్క్ మీద డేటాబేస్ నడుస్తుంటే ఆలోచించి పెట్టండి. డిస్క్ మౌంట్ కాకపోయినా ఫోల్డర్ ఖాళీగా అక్కడే ఉంటుంది, డేటాబేస్ ఆ ఖాళీ ఫోల్డర్‌లో కొత్తగా రాయడం మొదలుపెట్టవచ్చు. రూట్ పార్టిషన్ నిండుతుంది. తర్వాత డిస్క్ మౌంట్ అయ్యాక మధ్యలో రాసిందంతా దాని కింద మరుగున పడిపోతుంది. అలాంటి చోట డేటాబేస్ సర్వీస్ ఫైల్‌లో 'రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్' అని ఆ ఫోల్డర్ దారి ఇవ్వండి. మౌంట్ లేకపోతే సర్వీస్ అసలు మొదలవదు.

ప్రశ్న: నాదీ ఎమర్జెన్సీ మోడే, కానీ ఉబుంటు. 'రూట్ అకౌంట్ ఈజ్ లాక్డ్' అంటోంది. ఎంటర్ నొక్కితే మళ్లీ అదే. లోపలికి వెళ్లే దారే లేదా?

జవాబు: ఉంది, గ్రబ్ నుంచి వెళ్లాలి. ఉబుంటులో రూట్‌కి మొదటి నుంచీ పాస్‌వర్డ్ ఉండదు, అందుకే మీకు ఆ సందేశం.

మెషీన్ ఆన్ అవుతుండగా, యూఈఎఫ్‌ఐ అయితే ఎస్కేప్, పాత బయోస్ అయితే షిఫ్ట్ నొక్కితే గ్రబ్ మెనూ వస్తుంది. మొదటి వరుస మీద ఉండి 'ఇ' అక్షరం నొక్కండి. 'లినక్స్' అన్న మాటతో మొదలయ్యే పొడవాటి వరుస చివరకి వెళ్లి, అక్కడున్న 'క్వైట్ స్ప్లాష్' తీసేసి, 'ఇనిట్' ఈక్వల్ టు 'స్లాష్ బిన్ స్లాష్ బాష్' అని చేర్చి కంట్రోల్ ఎక్స్ నొక్కండి. ఈ మార్పు ఆ ఒక్క బూట్‌కే. డిస్క్ మీద ఏదీ మారదు కాబట్టి భయపడక్కర్లేదు.

పాస్‌వర్డ్ లేకుండా రూట్ షెల్, అంటే అడ్మిన్ హక్కులతో కమాండ్లు కొట్టే చోటు, వస్తుంది. రూట్ పార్టిషన్ రీడ్ ఓన్లీగా ఉంటుంది, పైన చెప్పినట్టు రీమౌంట్ చేసి ఎఫ్‌ఎస్‌ట్యాబ్ సరిచేయండి. పని అయ్యాక 'ఎగ్జిట్' కొట్టకండి. అక్కడ బాష్ అనే ఆ షెల్లే మొదటి ప్రాసెస్, అది ముగిస్తే కెర్నల్ ప్యానిక్ అవుతుంది, అంటే మెషీన్ మొత్తం ఆగిపోతుంది. 'సింక్' కొట్టి, తర్వాత 'రీబూట్ మైనస్ ఎఫ్' కొట్టండి.

రెడ్‌హ్యాట్ కుటుంబంలోని (రెడ్‌హ్యాట్, ఫెడోరా లాంటి లినక్స్ ఉన్న) మెషీన్‌లో ఇదే దారిలో వెళ్లి పాస్‌వర్డ్ మార్చినవారు, 'స్లాష్' అనే అన్నిటికన్నా పై ఫోల్డర్‌లో 'డాట్ ఆటోరీలేబుల్' అనే ఖాళీ ఫైల్ పెట్టాలి. లేకపోతే ఎస్‌ఈలినక్స్ అనే భద్రతా వ్యవస్థ ఫైల్‌కి వేసే లేబుల్ తప్పుగా ఉండి, కొత్త పాస్‌వర్డ్‌తోనూ లాగిన్ కాలేకపోవచ్చు.

కీబోర్డ్ ముందు కూర్చున్న ఎవరైనా ఇదంతా చేయగలరని మీకు ఈపాటికి అనిపించే ఉంటుంది. నిజమే. సర్వర్ గదికి తాళం, గ్రబ్‌కి పాస్‌వర్డ్, డిస్క్ ఎన్‌క్రిప్షన్ అవసరమయ్యేది అందుకే.

ప్రశ్న: రాత్రి ఆటోమేటిక్ అప్‌డేట్ అయింది. పొద్దున చూస్తే 'కెర్నల్ ప్యానిక్, నాట్ సింకింగ్, వీఎఫ్‌ఎస్, అన్‌ఏబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్‌ఎస్ ఆన్ అన్‌నోన్ బ్లాక్ 0,0' అని ఆగిపోయింది. డిస్క్ కాలిపోయిందని ఒకరు, ర్యామ్ పోయిందని ఒకరు అంటున్నారు.

జవాబు: ఇద్దరి మాటా ఇప్పుడే నమ్మకండి. చివర ఉన్న రెండు సున్నాలు చూశారా? రూట్ డిస్క్ అంటూ ఏదీ కెర్నల్‌కి తగల్లేదని వాటి అర్థం. డిస్క్ కనపడి, చదవడంలో తేడా వస్తే సందేశాలు వేరేగా ఉంటాయి. అప్‌డేట్ తర్వాత ఇలా వచ్చిందంటే, కొత్త కెర్నల్‌కి ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ తయారవలేదనో సగంలో ఆగిందనో ముందుగా అనుమానించాలి. బూట్ పార్టిషన్ నిండిపోయి ఉండటం దీనికి తరచుగా కనిపించే కారణం.

గ్రబ్ మెనూలో 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్'లోకి వెళ్లి పాత కెర్నల్ ఎంచుకోండి. రెడ్‌హ్యాట్ కుటుంబంలో పాత కెర్నళ్లు మెనూలోనే కనిపిస్తాయి, మామూలుగా మూడు దాచి ఉంటాయి. పాతదానితో లేస్తే డిస్క్ మీదా ర్యామ్ మీదా అనుమానం దాదాపు తీరినట్టే.

లేచాక 'డీఎఫ్ మైనస్ హెచ్'తో బూట్ పార్టిషన్ చూడండి. వంద శాతం ఉంటే పాత కెర్నళ్లు తీయాలి, అదీ ప్యాకేజీ మేనేజర్ ద్వారానే. ఉబుంటు, డెబియన్‌లో 'ఆప్ట్ ఆటోరిమూవ్' ఆ పని చేస్తుంది. బూట్ ఫోల్డర్‌లోకి వెళ్లి ఆర్‌ఎం కమాండ్‌తో ఫైళ్లు చెరిపితే ప్యాకేజీ లెక్కా, నిజంగా ఉన్న ఫైళ్లూ పొంతన లేకుండా పోతాయి, తర్వాతి అప్‌డేట్ మళ్లీ తప్పుతుంది. ఇప్పుడు నడుస్తున్న కెర్నల్ ఏదో 'యూనేమ్ మైనస్ ఆర్' చెబుతుంది, దాన్ని మాత్రం ముట్టుకోవద్దు. చోటు దొరికాక డెబియన్, ఉబుంటులో 'అప్‌డేట్ ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్', రెడ్‌హ్యాట్ కుటుంబంలో 'డ్రాకట్ మైనస్ ఎఫ్' కమాండ్లకి కొత్త కెర్నల్ వెర్షన్ ఇచ్చి ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌ని మళ్లీ తయారు చేయండి. ఉబుంటులో చివరన 'అప్‌డేట్ గ్రబ్' కూడా.

సర్వర్‌ను వేరే హార్డ్‌వేర్‌కి మార్చినప్పుడు వచ్చే సమస్యకూ దీనికీ దగ్గరి చుట్టరికం. డ్రాకట్ మామూలుగా ఆ మెషీన్‌కి కావలసిన డ్రైవర్లే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌లో పెడుతుంది. డిస్క్ కంట్రోలర్ మారితే రూట్ డిస్క్ దొరకదు. మెనూలో 'రెస్క్యూ' అని ఉండే వరుసలో అన్ని రకాల డ్రైవర్లూ ఉంటాయి, దాంతో లేపి డ్రాకట్ మళ్లీ నడిపితే సరిపోతుంది.

తప్పు అప్‌డేట్‌లోనే ఉండే సందర్భాలూ లేకపోలేదు. 2020 జులైలో గ్రబ్‌లోని 'బూట్‌హోల్' అనే భద్రతా లోపానికి అప్‌డేట్ వచ్చినప్పుడు, కొన్ని లినక్స్ రకాల్లో (డిస్ట్రిబ్యూషన్లలో) అది వేసుకున్న మెషీన్లు బూట్ కాలేదు. రెస్క్యూ మీడియాతో లోపలికి వెళ్లి పాత ప్యాకేజీలు తిరిగి వేయాల్సి వచ్చింది. అప్‌డేట్లు మానేయమని నేను ఎప్పటికీ చెప్పను. ఒకే రకం సర్వర్లు ఎన్నో ఉన్నచోట ముందు ఒకదానికి వేసి, రీబూట్ చేసి, అది లేచాకే మిగతావాటికి వేయండి.

ప్రశ్న: కరెంటు పోయి వచ్చాక 'అన్‌ఎక్స్‌పెక్టెడ్ ఇన్‌కన్సిస్టెన్సీ, రన్ ఎఫ్‌ఎస్‌సీకే మాన్యువల్లీ' అని ఆగింది. ఎఫ్‌ఎస్‌సీకేకి మైనస్ వై ఇచ్చి నడిపేస్తే చాలన్నారు. బ్యాకప్ ఉంది కానీ పాతది. నడిపేయనా?

జవాబు: ఇంకా నడపలేదు కదా? అయితే ఆగండి. ఇన్ని ప్రశ్నల్లో నన్ను ఎక్కువ కంగారు పెట్టింది మీదే. మిగతావారికి పోయేది కొన్ని గంటల సమయం, మీకు పోయేది మళ్లీ దొరకని డేటా.

మైనస్ వై అంటే అది అడిగే ప్రతి ప్రశ్నకూ ముందుగానే అవునని చెప్పేయడం. ఎఫ్‌ఎస్‌సీకే పని ఫైల్ సిస్టమ్ లెక్కలు పొసిగేలా చేయడం. దానికోసం కొన్ని ఫైళ్లను వదులుకోవాల్సి వస్తే వదిలేస్తుంది. డిస్క్ ఆరోగ్యంగా ఉంటే ఎక్కువసార్లు ఇబ్బంది ఉండదు. డిస్కే చెడిపోతుంటే మాత్రం, చదవలేని చోట్లను తప్పుడు సమాచారంగా లెక్కేసి వాటి మీద రాస్తూ పోతుంది. పోనివి కూడా పోతాయి.

అందుకని ముందు డిస్క్ సంగతి తేల్చుకోండి. ఆ షెల్‌లోనే 'డీమెసేజ్' కొట్టి 'ఐ/ఓ ఎర్రర్' అన్న వరుసలున్నాయేమో చూడండి. లినక్స్ నేరుగా నడిచే లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి, డిస్క్ ఆరోగ్యం చెప్పే 'స్మార్ట్‌సీటీఎల్ మైనస్ ఏ' కొట్టండి. పైన 'పాస్డ్' అని కనబడగానే సంతృప్తి పడొద్దు. చెడిపోతున్న డిస్కులు కూడా ఆ మాట చూపిస్తుంటాయి. కింద పట్టికలో 'రీఅలొకేటెడ్ సెక్టర్', 'కరెంట్ పెండింగ్ సెక్టర్' వరుసల చివరి అంకె చూడండి. పెండింగ్ సున్నా కాకపోతే, డిస్క్ చదవలేకపోతున్న చోట్లు ఉన్నట్టు.

అలా ఉంటే ఆ డిస్క్ మీద ఏమీ రాయకండి. అంతే సైజు లేదా పెద్దది ఇంకో డిస్క్ తెచ్చి 'డీడీరెస్క్యూ'తో కాపీ తీయండి. మ్యాప్ ఫైల్ పేరు తప్పక ఇవ్వండి, మధ్యలో ఆగినా ఆగినచోటి నుంచి కొనసాగుతుంది. అది ముందు తేలిగ్గా చదవగలిగినదంతా తీసుకుని, మొండికేసే చోట్లకు తర్వాత వస్తుంది. ఎఫ్‌ఎస్‌సీకే ఆ కాపీ మీద నడపండి, అసలు డిస్క్‌ని పక్కన పెట్టండి.

డిస్క్ శుభ్రంగా ఉంటే, పార్టిషన్ మౌంట్ అయి లేదని చూసుకుని, మొదట మైనస్ ఎన్ ఇచ్చి నడపండి. ఏమీ మార్చకుండా ఏమేం తప్పులున్నాయో చెబుతుంది. నాలుగైదు వరుసలొస్తే ధైర్యంగా సరిచేయించండి. తెర ఆగకుండా పరుగెడితే, అప్పుడు కూడా ముందు కాపీయే. మౌంట్ అయి నడుస్తున్న పార్టిషన్ మీద రిపేర్ నడపడం మాత్రం ఎప్పుడూ వద్దు. రిపేర్ అయ్యాక 'లాస్ట్ ప్లస్ ఫౌండ్' ఫోల్డర్ చూడండి, పేరు పోయిన ఫైళ్లు అంకెల పేర్లతో అందులో ఉంటాయి.

మీ సందేశాన్ని బట్టి మీది ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ అనుకుంటున్నాను. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే మరో రకం వాడేవారికి ఇది వర్తించదు. అక్కడ ఎఫ్‌ఎస్‌సీకే ఏమీ చేయదు, 'ఎక్స్‌ఎఫ్‌ఎస్ రిపేర్' వాడాలి. లాగ్‌లో (పూర్తికాని మార్పుల చిట్టాలో) పని మిగిలి ఉందని అది ఆగితే, ఒకసారి మౌంట్ చేసి తీయండి. మౌంట్ అయ్యేటప్పుడే లాగ్ పని పూర్తవుతుంది. పెద్ద ఎల్ ఆప్షన్ ఆ లాగ్‌ను తుడిచేస్తుంది, చివరిగా జరిగిన మార్పులు పోవచ్చు. ఇంకే దారీ లేనప్పుడే దాన్ని తీయండి.

ప్రశ్న: వాడని పార్టిషన్ ఒకటి తీసేసి పక్కదాని సైజు పెంచాను. ఇప్పుడు 'నో సచ్ పార్టిషన్', కింద 'గ్రబ్ రెస్క్యూ' అని ప్రాంప్ట్.

జవాబు: గ్రబ్ మొదటి భాగం లేచింది, దాని మిగతా ఫైళ్లు ఏ పార్టిషన్‌లో ఉన్నాయో దొరకడం లేదు, నంబర్లు మారాయి కాబట్టి. 'ఎల్‌ఎస్' కొడితే పార్టిషన్లు వస్తాయి. ఒక్కోదాన్నీ ఎల్‌ఎస్‌తో తెరిచి బూట్, గ్రబ్ ఫోల్డర్లు ఎందులో ఉన్నాయో చూడండి. అది (హెచ్‌డీ0,జీపీటీ2) అనుకుందాం. 'సెట్' కమాండ్‌తో 'రూట్'కి దాన్నీ, 'ప్రిఫిక్స్'కి దానిలోని గ్రబ్ ఫోల్డర్ దారినీ ఇచ్చి, 'ఇన్స్‌మాడ్ నార్మల్', ఆ తర్వాత 'నార్మల్' కొట్టండి. మెనూ వస్తుంది.

లేచాక గ్రబ్‌ని మళ్లీ వేయకపోతే తర్వాతి బూట్‌లో ఇదే ప్రాంప్ట్. పాత బయోస్ మెషీన్ అయితే 'గ్రబ్ ఇన్‌స్టాల్' పార్టిషన్‌కి కాకుండా మొత్తం డిస్క్‌కి ఇవ్వాలి. రెడ్‌హ్యాట్ కుటుంబంలో, యూఈఎఫ్‌ఐ ఉన్నచోట ఆ కమాండ్ వద్దు. గ్రబ్, షిమ్ (గ్రబ్‌కి ముందు నడిచే చిన్న ప్రోగ్రామ్) ప్యాకేజీలను రీఇన్‌స్టాల్ చేయండి. బయోస్ మెషీన్‌లో రెండు డిస్కులు రెయిడ్ 1లో ఉంటే గ్రబ్ రెండింటిలోనూ ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. డేటా రెండు డిస్కుల్లో ఉండి గ్రబ్ ఒక్కదానిలోనే ఉంటే, ఆ డిస్క్ పోయిన రోజు మెషీన్ బూట్ కాదు.

ప్రశ్న: నా సర్వర్ క్లౌడ్‌లో ఉంది. ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్) రావడం లేదు. చూడటానికి తెరే లేదు కదా, ఏం చేయాలి?

జవాబు: తెర ఉంది. చాలా క్లౌడ్ సర్వీసుల్లో సీరియల్ కన్సోల్ లేదా కన్సోల్ లాగ్ అని ఒకటి ఉంటుంది, బూట్ సందేశాలు అందులో చదవచ్చు. అది చూశాక, సర్వర్ మామూలుగానే బూట్ అయిందనీ, ఫైర్‌వాల్ రూల్ వల్ల ఎస్‌ఎస్‌హెచ్ రావడం లేదనీ తేలే అవకాశం కూడా ఉంది.

నిజంగా బూట్ కాకపోతే, ముందు డిస్క్‌కి స్నాప్‌షాట్, అంటే ఆ క్షణంలోని నకలు, తీయండి. తర్వాత సర్వర్ ఆపి, ఆ డిస్క్ విడదీసి, ఇంకో చిన్న సర్వర్‌కి అదనపు డిస్క్‌గా తగిలించి మౌంట్ చేయండి. రెండూ ఒకే ఇమేజ్ (సర్వర్ తయారుచేసే అచ్చు) నుంచి వచ్చిన ఎక్స్‌ఎఫ్‌ఎస్ డిస్కులైతే యూయూఐడీ ఒకటే ఉండి మౌంట్ నిరాకరిస్తుంది, 'నోయూయూఐడీ' ఆప్షన్ ఇవ్వండి. వీలైతే వేరే ఇమేజ్‌తో చేసిన సర్వర్ వాడండి, ఈ తలనొప్పి ఉండదు.

ఎఫ్‌ఎస్‌ట్యాబ్ తప్పు అయితే అక్కడే దిద్దేయవచ్చు. ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ లేదా గ్రబ్ మళ్లీ చేయాలంటే ఆ డిస్క్‌నే రూట్‌గా చూపే 'సీహెచ్‌రూట్'తో దాని లోపలికి వెళ్లాలి. వెళ్లేముందు డెవ్, ప్రాక్, సిస్, రన్ ఫోల్డర్లను దానిలోకి బైండ్ మౌంట్ చేయండి, అంటే అవే ఫోల్డర్లు అక్కడ కూడా కనిపించేలా చేయండి. బూట్ పార్టిషన్, ఈఎఫ్‌ఐ పార్టిషన్ విడిగా ఉంటే వాటినీ వాటి చోట్లలో మౌంట్ చేయండి. ఇది మరిచిపోతే కొత్త ఫైళ్లు మౌంట్ కాని ఖాళీ ఫోల్డర్‌లో పడతాయి. అంతా చేశామనుకుని డిస్క్ తిరిగి పెడితే సర్వర్ మళ్లీ అక్కడే ఆగుతుంది.

పనయ్యాక బయటికి వచ్చి, మౌంట్లన్నీ తీసి, డిస్క్‌ని పాత సర్వర్‌కి తిరిగి పెట్టేటప్పుడు అదనపు డిస్క్‌గా కాకుండా రూట్ డిస్క్‌గా తగిలించండి. విడదీసే ముందు ఆ డిస్క్ ఏ డివైస్ పేరుతో ఉందో రాసి పెట్టుకుంటే అదే పేరు ఇవ్వవచ్చు. సర్వర్ లేచి రెండు మూడు రోజులు సరిగ్గా నడిచేదాకా స్నాప్‌షాట్ చెరపకండి.